తాడు ఎవరి చేతిలో

“ఆ లోటా మళ్లీ నా వంటింట్లోకి రాకూడదు” అంది జయలక్ష్మమ్మ, మూడోసారి.

చింతపండుతో తోమింది. బూడిదతో తోమింది. అయినా ముక్కు దగ్గరికి తెస్తే అరుగు మీది ముసలాడి వాసనే వస్తోందని ఆమె గొడవ.

దాహమన్నవాడికి ఇంటి లోటా చేతికిచ్చి నీళ్లిస్తే తప్పేముందని కూతురు వినుత వాదన. కొడుకు దర్శన్ అక్క వైపే. ఇంటాయన హనుమంతరాయప్ప మాత్రం లేచి పెరట్లోకి పోయాడు.

చివరికి లోటా బయట, గొర్రెల తొట్టి పక్కనున్న గోడ గూట్లోకి పోయింది.

ముసలాయన పేరు చిక్కన్నట. మూడు రోజులుగా వాళ్ల అరుగు మీదే ఉంటున్నాడు. ఒంటి నిండా మైనం, పొగ, చెమట కలిసి పులిసిన వాసన. కళ్ల మూలల్లో పుసి. ఆకూవక్కా నమిలి అరుగు పక్కనే ఎర్రగా ఉమ్మేవాడు. దాని మీద ఈగలు ముసిరేవి.

జయలక్ష్మమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఎత్తు నుంచి ఆయన దోసిట్లో నీళ్లు పోసేది. ఒక్క చుక్క తన కాలి మీద చిందినా వెళ్లి కడుక్కునేది.

“మీ నాయన కాలం నుంచీ సేద్యం చేసిన ఇల్లు మనది. ఇట్లాంటోళ్లకు అరుగిచ్చేదేంది? పొలంలో సోలార్ ప్యానెళ్లకు బాడిగ వస్తాదని తెలిసి వచ్చింటాడు” అని భర్తతో అంది.

“పోతాడులే” అన్నాడు హనుమంతరాయప్ప.

ఆ మూడు రోజులూ ఇంటాయన పెరటి తలుపు నుంచే తిరిగాడు.

ఆదివారం అక్కాతమ్ముళ్లు తేనెల కోనలో నిలువు బండగోడ ఎక్కాలనుకున్నారు. వినుత బెంగళూరులో చదివేటప్పుడు రామనగరం బండల మీద ఎక్కడం నేర్చుకుంది. తర్వాత తమ్ముడికీ నేర్పింది. బండకు మేకులు కొట్టరు. ముందు ఎక్కేవాళ్లు పగుళ్లలో ఇనుప చీలలు ఇరికించి, వాటికి తాడు తగిలించుకుంటూ పోతారు. నిలబడే చోటు దొరికాక ఆగి తాడు పట్టుకుంటే, రెండోవాళ్లు ఆ చీలలు పీక్కుంటూ వస్తారు. కోన గోడ పైకి చేరాలంటే అలా నాలుగు మజిలీలు.

శనివారం అరుగు మీద వినుత తాడు చుడుతుంటే ముసలాయన దాన్ని తడిమి చూశాడు.

“నీకు తాడు పట్టేదెవరు పాపా?”

“మా తమ్ముడు, తాతా.”

“తోడబుట్టినోడు పట్టకూడదు. బామ్మర్దే పట్టల్ల.”

తేనె దించేవాళ్ల కట్టుబాటట అది. బండకు వేలాడేవాడికి పైన తాడు పట్టేది భార్య తమ్ముడే. ఇంకెవరి చేతికీ ఇవ్వరు.

“ఎందుకట్ల?” అన్నాడు దర్శన్.

“అన్నదమ్ముడైతే ఆస్తి గుర్తుకొచ్చి వదుల్తాడేమో. బామ్మర్ది యాడ వదుల్తాడు? కొనన ఏలాడేది వాళ్లక్క పసుపుకుంకాలు గదా.”

“మావాడికి పిల్లనిచ్చేదెవరు తాతా, బామ్మర్ది వచ్చేదానికి?” అంది వినుత.

ముసలాయన ఎర్రటి చిగుళ్లన్నీ కనపడేలా నవ్వాడు. లోపల జయలక్ష్మమ్మ ఛీ అనుకుంది.

నవ్వు ఆగాక ఆయన ఒక మాట చెప్పాడు. “కడపటి మజిలీ కాడ ఎడమ పగులు నమ్మొద్దు. పైకి గట్టిగుంటాది. లోపల డొల్ల.”

ఆదివారం తెల్లవారేసరికి అరుగు ఖాళీ. పీడ వదిలిందని జయలక్ష్మమ్మ బకెట్టుతో నీళ్లు కుమ్మరించి, చీపురు అరిగేలా అరుగు కడిగింది.

కోనలో మూడు మజిలీలు సాఫీగా సాగాయి. నాలుగోదాని మొదట్లో ఎడమ పగులే తేలికనిపించింది. వినుత అరచేత్తో రెండుసార్లు కొట్టి చూసింది. గట్టిగానే పలికింది. చీల ఇరికించి బరువు వేసింది.

బండ ఊడి వచ్చింది.

వినుత జారింది. కింద దర్శన్ తాడు ఆపాడు గాని, రాయి అతని కుడిచేతిని విరిచేసి పోయింది. తాడు సగం తెగింది. దర్శన్ నిలబడ్డ మంచమంత చోట ఇద్దరూ ఇరుక్కుపోయారు. పైకీ పోలేరు, కిందికీ దిగలేరు.

అప్పుడు పైనుంచి ఒక నారతాడు దిగి, వాళ్ల ముఖాల ముందు ఆగింది.

“ముందు పిల్లోడు” అంది ఒక గొంతు. “నడుముకు కట్టు పాపా.”

దర్శన్ ఒంటిచేత్తో, కాళ్లతో పాకాడు. తాడు ఒక్క జానెడు కూడా వదులు కాలేదు. తర్వాత వినుత ఎక్కింది.

పైన ముసలాయన తాడు నడుముకు చుట్టుకుని, రెండు పాదాలూ రాతికి తన్నిపెట్టి కూర్చుని ఉన్నాడు. అరచేతులు తోలు లేచి ఉన్నాయి. తల మోకాళ్ల మీద వాలి ఉంది.

“తాతా” అంది వినుత.

ఊపిరి లేదు. ఆ వేళ్ల నుంచి తాడు విడిపించడం అంత తేలిక కాలేదు.

మధ్యాహ్నానికి ఆటో ఇంటి ముందు ఆగింది. జయలక్ష్మమ్మ కొడుకు చెయ్యి చూసి ఏడ్చింది. జరిగిందంతా వింది. ఆటోలో ఉన్నది చూసి కొంగు ముక్కుకు పెట్టుకుంది.

“పుణ్యాత్ముడే, కాదనను. అరుగు మీద మాత్రం వద్దు. ఎవరో ఏమో. పంచాయతీ వాళ్లకు ఫోన్ చేయండి.”

హనుమంతరాయప్ప నాలుగు రోజుల్లో మొదటిసారి వీధి తలుపు నుంచి బయటికి వచ్చాడు. గోడ గూట్లోంచి లోటా తీశాడు. కడగలేదు. నీళ్లు ముంచి ముసలాయన పెదాలు తడిపాడు. మిగిలినవి తనే తాగాడు.

జయలక్ష్మమ్మ మొహం తిప్పుకుంది.

“ప్యానెళ్ల అవతల మనకు మిగిలిన భూమి తుంటలో గుంత తవ్విస్తా. మొదటి మన్ను నేనే వేస్తా” అన్నాడాయన, గొంతు పెంచకుండా, ముగ్గురికీ వినపడేలా.

“ఏం వరసని వేస్తారు?”

ఆయన భార్య వైపు చూడలేదు. పిల్లల వైపు చూశాడు.

“మా నాయన ఆ కోనలో తేనె దించేటోడు. పైన తాడు పట్టేది ఈయప్పే.”