పదిహేడో ఇల్లు

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లో నలుగురున్నారు. కలశానికి చీర కడుతున్న అమ్మ, నానిన శనగలు వడకడుతున్న నానమ్మ మాణిక్యాంబ, వరండాలో ఫోన్ చూసుకుంటున్న నాన్న దొరబాబు, ఇంకా శృతి. శృతిని మనిషి లెక్కలో వేయాలా అన్నది కాస్త ఆలోచించాల్సిన విషయమే. చుట్టాలొస్తే వంటింట్లోకి, చుట్టాలు వంటింట్లోకొస్తే మేడ మీదకి పారిపోయే పిల్ల.

అలాంటి పిల్ల చేతిలో అమ్మ కుంకుమ భరిణ, ఓ చీటీ పెట్టింది.

"పదహారు ఇళ్ళు. ఆడవాళ్ళందరికీ బొట్టు పెట్టి, సాయంత్రం పేరంటానికి రండి అని చెప్పాలి. గుమ్మంలో గొణిగేసి వచ్చేయకు. లోపలికెళ్ళి, వినపడేలా చెప్పు."

శృతి చీటీ రెండుసార్లు చదివింది. "సుబ్బాయమ్మత్తయ్య పేరు లేదేంటి?"

సుబ్బాయమ్మది వెనక వీధి. ఒకప్పుడు ఈ ఇంటి పేరంటానికి మొదటి పిలుపు ఆవిడకే. భర్త త్రిమూర్తులు పోయాక ఇది రెండో శ్రావణం.

"ఎలా పిలుస్తామే?" అంది నానమ్మ.

"పొద్దున్న కనకాంబరాలు ఆవిడ దొడ్లోవే కదా నానమ్మా?"

"పూలకేం పట్టింపు?"

"మరి మనుషులకేంటి?"

"పిలిస్తే ఆవిడే ఇబ్బంది పడుతుంది. నలుగురిలో ఆవిడ గౌరవం పోకూడదనే పిలవట్లేదు."

"ఆవిడని అడిగారా?"

"దీనికి ప్రైజు ఇచ్చినవాళ్ళననాలి!" వరండాలోంచి నాన్న అన్నాడు.

ప్రైజు మాట నిజమే. స్కూల్లో 'గౌరవం' మీద మూడు పేజీలు రాసి ఫస్టొచ్చింది శృతి. స్టేజీ మీద చదవమంటే తెర వెనక్కి వెళ్ళిపోయింది. ఆ మూడు పేజీలూ తెలుగు మాస్టారే చదివారు. చప్పట్లు కూడా ఆయనకే కొట్టారు.

అమ్మ కలశం వైపే చూస్తూ, "నాకు మాత్రం పిలవాలని లేదా? ఈ ఏటికి వదిలేయ్ శృతీ. బయల్దేరు, పొద్దుపోతోంది" అంది.

శృతి బయల్దేరింది. మొదటి ఇంట్లో తలొంచుకునే బొట్టు కనుబొమ మీద పెట్టింది. మూడో ఇంట్లో బొట్టయితే సరిగ్గానే పెట్టింది కానీ, చెప్పాల్సింది మర్చిపోయి "వస్తానండి" అని వచ్చేసింది. వాళ్ళే వెనక్కి పిలిచి, "ఇంతకీ ఎందుకొచ్చావమ్మా?" అని అడగాల్సి వచ్చింది. ఏడో ఇంట్లో కుక్క మొరిగితే, దానికి కూడా "రండి" అంది.

పదో ఇంటికి గొంతు కాస్త లేచింది. పదహారో ఇంట్లో పల్లంరాజుగారి భార్య నవ్వి, "ఏమ్మా, నీకు మాటలొచ్చేశాయే!" అంది.

అంతే. శృతికి ఎక్కడలేని ధైర్యం వచ్చేసింది. భరిణలో ఇంకా కుంకుమ ఉంది. పదిహేడో ఇంటికి కూడా వెళ్ళి పిలవాలి. నానమ్మ తిడితే తిట్టనీ, అమ్మ కొడితే కొట్టనీ. మూడు పేజీలు రాసిన మనిషి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?

బోదె కాలవ గట్టు మీదుగా నడిచింది. దగ్గర దారి, పైగా అరటిచెట్ల నీడ. నడుస్తున్నంతసేపూ చెప్పబోయే మాటలు కూడబలుక్కుంది. సుబ్బాయమ్మత్తయ్య ఏడుస్తుంది, తనని దగ్గరికి తీసుకుంటుంది. ఏడిస్తే ఏం చెయ్యాలో తెలియక చేతిరుమాలు ఉందో లేదో చూసుకుంది. డైరీలో రాయబోయే మొదటి వాక్యం కూడా తయారైపోయింది: 'ఇవాళ నేను ఒక మంచి పని చేశాను.' 'మంచి' తీసేసి 'గొప్ప' పెట్టింది.

గట్టు దిగి, దొడ్లోంచి వెళ్ళి తలుపు కొట్టింది. సుబ్బాయమ్మ తీసింది. మోచేతుల దాకా సబ్బు నురగ.

"శృతీ, నువ్వా! పూలు చాల్లేదా అమ్మా?"

"పూలకి కాదండి. పేరంటానికి పిలుద్దామని వచ్చాను."

సుబ్బాయమ్మ భరిణ వైపు చూసింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. ఒకసారి కాదు, ఆరిపోయాక కూడా తుడుస్తూనే ఉంది.

"అమ్మ పంపిందా?"

"లేదండి. నేనే వచ్చాను. మీరు రావాలండి. ఎందుకంటే గౌరవం అనేది... గౌరవం..." కూడబలుక్కున్నదంతా ఎటో పోయింది. "గౌరవం అందరికీ ఉండాలండి." మూడు పేజీల్లో మిగిలింది ఆ ఒక్క ముక్క.

సుబ్బాయమ్మ కళ్ళు తడయ్యాయి. సరిగ్గా అనుకున్నట్టే! శృతి లోలోపల తన భుజం తనే తట్టుకుంది.

"రెండేళ్ళయింది నా నుదుటికి ఒకరి చెయ్యి తగిలి," అంటూ ఆవిడ తల వంచింది. "అందరినీ పిలిచేశావా?"

"పదహారు ఇళ్ళండి. మీది పదిహేడోది." శృతి వేలు కుంకుమలో ముంచింది.

"అందరి ఇళ్ళకీ ఎటునుంచి వెళ్ళావమ్మా?"

"వీధి గుమ్మంలోంచేనండి."

సుబ్బాయమ్మ మెల్లగా తలెత్తింది. కోపం లేదు. కుంకుమ అంటిన ఆ వేలుని, బోదె గట్టు బురద అంటిన ఆ కాళ్ళని ఓసారి చూసింది.

"మా వీధి గుమ్మం కూడా తీసే ఉందమ్మా," అని, దొడ్డి తలుపు వేసేసింది.