మూడో కోట

ఎవరూ ముట్టుకోవడం లేదని కోడలు తన చిన్ననాటి వీడియో గేమ్‌ను అమ్మకానికి పెట్టింది. కొనడానికి వచ్చినాయన దాన్ని తిరగేసి, బటన్లన్నీ నొక్కి చూసి, "బాగానే ఉందమ్మా" అన్నాడు.

"ఏం బాగు! కాసేపటికే వేడెక్కిపోతుంది" అన్నారు అత్తగారు సోఫాలోంచి.

కోడలు గతుక్కుమంది. బేరం కుదిరే వేళ ఈవిడకెందుకీ సత్యసంధత?

"ఎడమకి నొక్కితే కుడికి పోతుంది నాయనా. మూడో కోటలో రాక్షసుడు రాగానే బొమ్మ బిగుసుకుపోతుంది."

ఆయన మళ్లీ వస్తానంటూ జారుకున్నాడు.

"అవన్నీ నిజమేనా అత్తయ్యా?"

"రాక్షసుడు ఉన్నమాట నిజం. మిగతావి నోటికొచ్చినవి."

"అయితే మీరు మూడో కోట దాకా వెళ్లారా?"

"నువ్వు ఆఫీసుకెళ్లాక నాకు పొద్దుపోవద్దూ?"

కోడలు తలుపు గడియపెట్టి వచ్చి పక్కన కూలబడింది. "నేనింతవరకూ రెండోదే దాటలేదు. ఎలాగో చూపించండి."