సంధి తెర

"ఈ అక్షరాలు ఆ కాలానివి కావు" అన్నారు మాస్టారు.

డిజైనర్ కళ్ళజోడు తీసి, రెప్పల మీద రెండు వేళ్ళు ఆనించుకుంది. ఆ మాట వినడం ఆమెకు కొత్త కాదు. వాదించే ఓపికే లేదు.

పూర్వకాలపు రాజుల ఆట అది. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడే రాజు. కోటలు కట్టుకోవాలి, ధాన్యం నిలవ చేసుకోవాలి, అదను చూసి పక్క రాజు మీదికి పోవాలి. తెర మీద కనపడే ప్రతి అక్షరమూ, ప్రతి బటనూ, ప్రతి అంచూ డిజైనర్ చేతిలోంచి రావలసిందే. అవి ఆ కాలానికి తగినట్టున్నాయో లేదో చెప్పడానికి, కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే మాస్టారిని కంపెనీవాళ్ళు పిలిపించుకున్నారు. ఇద్దరూ సరేనంటేనే ఏ తెరైనా ముందుకు కదులుతుంది. ఆ ఆఫీసు పద్ధతి అది.

పన్నుల తెర ఒక్క పూటలో తేలిపోయింది. సైన్యం తెరకు మాస్టారు తల ఊపి ఊరుకున్నారు. చిక్కంతా సంధి తెర దగ్గరే వచ్చింది. ఇద్దరు రాజులు ఇక చాలనుకున్నప్పుడు విప్పుకునే పత్రం అది. నాలుగు వాక్యాలు, కింద రెండు ముద్రలు. అంతే. ఆ నాలుగు వాక్యాలే ఎండాకాలం నుంచి వానాకాలం దాకా వాళ్ళను ఈడ్చుకొచ్చాయి.

మొదట ఆమె రాతి మీద చెక్కినట్టుండే అక్షరాలు పెట్టింది. శాసనానికైతే సరే, సంధికి పనికిరావన్నారు మాస్టారు. రాగిరేకు మీద గీసినట్టుండేవి తెచ్చింది. ఆయన ముచ్చటపడ్డారు. ఈసారి ఆమెకే నచ్చలేదు. ఒత్తులు కింది వరుసను తన్నుతున్నాయంది. అవి సర్దేసరికి, ఆ రోజుల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదిలేవారు కాదని ఆయన కొత్త పేచీ తీశారు.

"అప్పటి రాజుకు చదివిపెట్టడానికి మంత్రి ఉండేవాడు. మన ఆటగాడికి ఎవరున్నారండీ?" అంది ఆమె.

"ఎవరూ లేకపోతే నిదానంగా చదువుకుంటాడు. తొందరపడి ముద్ర వెయ్యడు. మంచిదేగా" అన్నారు ఆయన.

ఆఫీసంతా వాళ్ళకు ఉప్పూ నిప్పూ అని పేరు పెట్టేసింది. సాయంత్రాలు లిఫ్టులో ఇద్దరే పడితే, మారుతున్న అంకెల వైపు చూస్తూ దిగేవారు. పక్క బల్ల ప్రోగ్రామర్‌కు నోరు ఊరుకోదు. నిజం రాజులైతే ఈపాటికి నాలుగుసార్లు కొట్టుకుని నాలుగుసార్లు కలిసిపోయేవాళ్ళనేవాడు. వాళ్ళిద్దరు తప్ప అందరూ నవ్వేవారు.

మాస్టారు ఆ కాలానివి కావన్న మర్నాడు ఉదయం మేనేజరు ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మంచివాడే, కానీ అతని నెత్తిన కూడా పైవాళ్ళున్నారు. సంధి తెర ఈ సాయంత్రానికి తేలితే ఆట అనుకున్న నెలలో విడుదలవుతుంది. వచ్చే ఆటకు డిజైన్ బాధ్యత మొత్తం ఆమె చేతికి వస్తుంది. తేలకపోతే ఆ కుర్చీ మరొకరిది. ఏళ్ళ తరబడి ఆమె కళ్ళలో ఒత్తులు వేసుకుని ఎదురుచూసిన కుర్చీ అది.

"ఇంక నావల్ల కాదమ్మా. మాస్టారికీ ఇదే చెప్పాను. మీరూ కాస్త పట్టూవిడుపూ చూసుకోండి" అన్నాడు.

ఆ రోజు ఆమె భోజనానికి లేవలేదు. అక్షరాల కాళ్ళు సన్నం చేసింది. ఒత్తులను పైకి లాగింది. బంగారు అంచు తీసేసి మాసిన అంచు పెట్టింది. మధ్యాహ్నం మాస్టారు ఆ దారిన పోతూ, ఆమె నడినెత్తి మీదికి కొడుతున్న ఏసీ గాలిని పక్కకు తిప్పారు. తలనొప్పి వస్తే పని ఇంకా ఆలస్యమవుతుందంటూ వెళ్ళిపోయారు. వెటకారమనుకున్నాడు ప్రోగ్రామర్.

సాయంత్రం అందరూ పెద్ద తెర ముందు చేరారు. పత్రం మెల్లగా విచ్చుకుంది. ఈసారి కుదిరిందని ఆమెకు తెలుస్తూనే ఉంది. అక్షరాల్లో పాతదనం ఉంది, కానీ కంటికి ఎక్కడా అడ్డం పడడం లేదు.

మాస్టారు చాలాసేపు చూశారు. ఏదో అనబోయి, ఆమె మొహం చూసి మానుకున్నారు.

"బాగుంది. నాకే అభ్యంతరమూ లేదు" అన్నారు నేలచూపులు చూస్తూ.

అమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలాడు మేనేజరు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఇక ఆమె ఊఁ అనడమే తరువాయి.

ఆమె లేచి తెర దగ్గరికి నడిచింది. రెండో వరుస కింద వేలు పెట్టింది.

"ఇది కాస్త వంకరగా ఉంది. ఇంకో వారం కావాలి నాకు" అంది.

మేనేజరు తల పట్టుకున్నాడు. ఏం పోగొట్టుకుంటున్నారో తెలుసా అన్నట్టు ఆమె వైపు చూశాడు. తెలుసన్నట్టు ఆమె తల దించుకుంది. మీరైనా చెప్పండని అతను మాస్టారి వైపు తిరిగాడు.

మాస్టారు లేచి వచ్చి, తీరిగ్గా వంగి చూశారు. వరుస దారం పట్టి లాగినట్టు తిన్నగా ఉంది.

"ఆవిడ చెప్పింది నిజమే. వంకరగానే ఉంది" అన్నారు.

ఈ ఆట విడుదలయ్యేదాకా ఆగి, ఆ మర్నాడే విడాకుల కాగితాల మీద సంతకాలు పెడదామని, పెళ్ళి సంగతే ఆఫీసులో ఎవరికీ చెప్పుకోని ఆ మొగుడూపెళ్ళాలు ఎప్పుడో మాట అనుకున్నారు.