కిటికీ పక్క మంచం

"మీకు ఉత్తరం అందింది," అంది అద్దం వెనకున్న ఆఫీసరమ్మ.

ఖాతునాకి ఆ పోలిష్ ముక్క అర్థమైంది. అందలేదని చెప్పడానికి కావలసిన మాటలే నోటికి రాలేదు. పక్కనున్న లామారా వైపు చూసింది.

లామారా అద్దంలోని కంతకి నోరు దగ్గర పెట్టి మాట్లాడింది. ఆఫీసరమ్మ కంప్యూటర్ ఇటు తిప్పి పెన్నుతో తేదీలు చూపించింది. మార్చి నాలుగు. పన్నెండు. పంతొమ్మిది. తర్వాత లామారాని వదిలేసి, ఖాతునా కళ్ళలోకి చూస్తూ నెమ్మదిగా ఏదో చెప్పింది. ఏడు వేళ్ళు చూపించింది. ఒక కాగితం మీద రెండు వరసలు రాసి, కింద గీత గీసి, కంతలోంచి తోసింది.

లామారా ఆ కాగితం మడిచి తన సంచిలో పెట్టుకుంది.

"ఏమంటోంది పిన్నీ?"

"అద్దె ఒప్పందం కాపీ కావాలని నీకు రిజిస్టరు ఉత్తరం పంపారట. పోస్టుమాన్ వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరట. డబ్బాలో చీటీ వేశాడట. వారం పోయాక ఇంకోటి వేశాడట. చీటీ పట్టుకుని రెండు వారాల్లో పోస్టాఫీసుకి ఎవరూ రాకపోతే, చట్టం దృష్టిలో ఉత్తరం అందినట్టే. నీ దరఖాస్తు మూసేశారు."

"చీటీ ఏది మరి? నువ్వు రోజూ డబ్బా చూస్తూనే ఉన్నావుగా."

"అదే అడిగా. ఏ పక్క డబ్బాలో పడేశాడో, వాడి చేతులు పడిపోను."

"ఏడు వేళ్ళు చూపించిందేంటి?"

"ఏడు రోజుల్లో వచ్చి నీ కాగితాలు పట్టుకుపొమ్మంది. ఆ తిప్పలు నేను పడతాలే. నువ్వు మాత్రం నెల తిరక్కుండా దేశం దాటాలి."

"అంతేనా? అంతసేపు మాట్లాడిందిగా!"

"సర్కారువాళ్ళకి 'పో' అనడానికి కూడా పావుగంట పడుతుందే తల్లీ."

లామారా పోలండ్ వచ్చి పదకొండేళ్ళు. పుట్టగొడుగుల షెడ్లలో పనిచేసే ఎనిమిదిమంది జార్జియా ఆడవాళ్ళు మూడో అంతస్తులో ఒకే ఇంట్లో ఉంటారు. వాళ్ళలో పోలిష్ చదవగలిగింది ఆవిడొక్కతే. అందుకే కింద మెట్ల దగ్గరున్న పోస్టు డబ్బా తాళంచెవి ఆవిడ మెడలో ఉంటుంది, సిలువ పక్కన. డాక్టరు దగ్గరికైనా బ్యాంకుకైనా ఆవిడే తోడు. ఖాతునా రెసిడెన్స్ కార్డు దరఖాస్తు నింపిందీ ఆవిడే.

కార్డు వస్తే ఆరేళ్ళ కూతురు నుత్సాని సొంతూరు కుటైసీ నుంచి తెచ్చుకోవచ్చు. సెప్టెంబరు ఒకటిన బడి. ఖాతునా స్కూలు బ్యాగు కొని తన మంచానికి తగిలించింది. అది కిటికీ పక్క మంచం. షెడ్డులోని ఎరువు కంపు ఒంటికి పట్టుకుని వస్తుంది. ఆ ఇంట్లో అది వదిలేది అక్కడొక్కచోటే.

"పిల్ల నీ మంచం మీదే సర్దుకుంటుంది. తొమ్మిదో మంచానికి కాంట్రాక్టరు ఒప్పుకోడు గానీ, పిల్ల సంగతి నేను మాట్లాడతా," అని లామారా అప్పుడే మాటిచ్చింది.

తిరుగు రైల్లో ఖాతునా ఆ తేదీలే వల్లించుకుంటూ కూర్చుంది. నాలుగు, పన్నెండు, పంతొమ్మిది.

"నాలుగున ఏం చేశాం పిన్నీ?"

"నిన్న తిన్నదే గుర్తుండదు నాకు. పడుకో."

ఖాతునాకి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం లామారా డబ్బా చూసుకుని, "నీకేం లేదే తల్లీ," అంటూ మెట్లెక్కి వచ్చింది. చేతిలో కేకు. తమ ఊళ్ళో ఎవరిదో పుట్టినరోజంది. పెద్ద ముక్క ఖాతునాకే పెట్టింది.

నుత్సాకి ఫోన్ చేసి అమ్మే వస్తోందని చెప్పింది. పిల్ల అడిగింది.

"బ్యాగు కూడా తెస్తావా?"

"తెస్తా."

"ఇక్కడి బడికి అది వేసుకెళ్తే నవ్వుతారేమో. దాని మీద పోలిష్ అక్షరాలున్నాయన్నావుగా."

ఇంకో రెండు వారాలకి, శనివారం పొద్దున, లామారా రొట్టె, ఉడికించిన గుడ్లు కట్టి ఇచ్చింది. ఇంటి తాళంచెవి తీసేసుకుంది. రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. కళ్ళు తుడుచుకుంది.

"వ్యాను దాకా వద్దామంటే షిఫ్టుంది. ఏమీ అనుకోకే."

"నువ్వు చేసింది ఏ పిన్నీ చెయ్యదు," అంది ఖాతునా.

కుటైసీ వ్యాను పెట్రోలు బంకు దగ్గర ఆగుతుంది. వచ్చేవాళ్ళని దింపి, అరగంటలో పోయేవాళ్ళని ఎక్కించుకుంటుంది. ఆ రోజు దిగింది ఒక్కతే, ఇరవయ్యేళ్ళ పిల్ల. ఒక చేతిలో సూట్‌కేసు, రెండో చేతిలో మిరపకాయ పచ్చడి జాడీ. ఖాతునా డ్రైవరుతో జార్జియన్‌లో మాట్లాడుతుంటే విని దగ్గరికొచ్చింది.

"అక్కా, ఈ అడ్రసు ఎటు? మా పెద్దమ్మ వాళ్ళిల్లు. లామారా అని, తెలుసా?"

"తెలియకపోవడమేంటి!" ఖాతునా జాడీ అందుకుని, సూట్‌కేసు గట్టు మీదికి ఎక్కించడానికి సాయం పట్టింది. "మందుల షాపు దగ్గర కుడికి తిరుగు. మూడో అంతస్తు. నీ పేరేంటి?"

"తేక్లా."

"అదృష్టవంతురాలివి తేక్లా. అక్కడున్నవి ఎనిమిదే మంచాలు, నిన్నటిదాకా ఒక్కటీ ఖాళీ లేదు. ఇంత తొందరగా నీకు కబురెలా అందింది?"

పిల్ల నవ్వింది.

"తొందరేముందక్కా, నా పుట్టినరోజు నాడే, మార్చి నాలుగున, పెద్దమ్మ ఫోన్ చేసి చెప్పిందిగా, కిటికీ పక్క మంచం ఖాళీ అవుతోంది, సామాను సర్దుకోమని!"