గుర్తు మార్చడం

అమ్మ లెక్క ఇచ్చింది. గీత వాలు రెండు, దానికి లంబరేఖ వాలు కనుక్కోవాలి. నేను ఒకటి బై రెండు అని వేశాను.

“తిరగేశావు సరే, గుర్తు మార్చలేదు,” అంది అమ్మ.

అంతలో నాన్న వచ్చారు. పై ఊరి కాలేజీలో నాకు సీటొచ్చింది, ఆయన్ని అడగాలి. నేను లెక్క వైపే చూస్తూ కూర్చున్నాను.

“దీనికి పై ఊళ్ళో సీటొచ్చిందట. హాస్టలూ వద్దు, ఏమీ వద్దు. నేను పంపను,” అంది అమ్మ.

పొద్దున సరేనన్న మనిషే. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“పంపకపోవడానికి నువ్వెవరు? సోమవారమే చేరుస్తాను,” అన్నారు నాన్న, చెప్పులు కూడా విడవకుండా.

“మీరు నా మాట ఎప్పుడు విన్నారు గనక,” అని అమ్మ నిట్టూర్చింది.

నాన్న స్నానానికి వెళ్ళాక పెన్సిలు నా చేతికిచ్చింది.

“గుర్తు మార్చడం మరిచిపోకూడదే. ఇప్పుడు నేను మరిచిపోయానా?”