పసుప్పచ్చ మాత్రలు

"కళ్ళు పైకెత్తవే," అంది నర్సు దీనమ్మ.

వాకిట్లో పీట మీద కూర్చున్న లోవలక్ష్మి కళ్ళు పైకెత్తింది. దీనమ్మ ఆమె కింది రెప్ప లాగి చూసి పెదవి విరిచింది.

"ఇంత పాలిపోయావేంటే? మాత్రలు వేసుకుంటున్నావా?"

"మీరు చెప్పినట్టే వేసుకుంటున్నానండి."

"గంజి వార్చి పారబోయట్లేదుగా? ఆకుకూరలు?"

"మా అత్త రోజు విడిచి రోజు తోటకూర వండుతుందండి."

ఆ అత్త సూరమ్మ గుమ్మంలో నిలబడి సణిగింది. "మాత్రలు మింగితే పిల్ల నల్లగా పుడుతుందంటారు. మా రోజుల్లో ఇయ్యన్నీ ఉన్నాయేంటి?"

"నలుపో తెలుపో తర్వాత సంగతి. ముందు వెన్ను సరిగ్గా ఉన్న పిల్ల కావాలా, వద్దా?"

సూరమ్మ లోపలికి పోయింది. పోదూ మరి? నిరుడు లోవలక్ష్మికి పుట్టిన ఆడపిల్లకి వెన్నెముక మూసుకోలేదు. ఒక్క రోజు బతికింది. పాత చీరముక్కలో చుట్టి ఆ బిడ్డని తండ్రి చేతిలో పెట్టింది దీనమ్మే. మళ్ళీ అలా జరక్కుండా ఉండాలంటే కడుపు రాకముందు నుంచే రోజుకో ఫోలిక్ యాసిడ్ మాత్ర పడాలని డాక్టరు చెప్పాడు. చిన్న చిన్న పసుప్పచ్చ మాత్రలు. దీనమ్మ పై ఆఫీసులో పోట్లాడి వాటిని డబ్బాలకొద్దీ సాధించుకొచ్చింది. లోవలక్ష్మికే కాదు, ఊళ్ళో కొత్తగా కాపురానికొచ్చిన ప్రతి పిల్లకీ నెల నెలా పంచింది. "ఈసారి నీ బిడ్డకేం కాదు, పూచీ నాది," అని లోవలక్ష్మి చేతిలో చెయ్యేసి మరీ చెప్పింది. ఇప్పుడా పిల్లకి నాలుగు వెళ్ళి అయిదో నెల.

దీనమ్మ ఇల్లు చేరేసరికి ఆమె భర్త డేనియల్ పెరట్లో గుడ్డుసొనలో ఏదో పసుప్పచ్చ బలంమందు పొడి కలిపి రొయ్యల మేతకి పట్టిస్తున్నాడు. ఏడాది కిందట లోవలక్ష్మి వాళ్ళ ఊళ్ళోనే అరెకరం రొయ్యల చెరువు లీజుకి తీసుకున్నాడు. గుడ్ల కోసం ఇల్లిల్లూ తిరగడంతో ఆడవాళ్ళందరికీ అన్నయ్యగారైపోయాడు.

"నీ మాటంటే ఆ ఊరికి బైబిలే దీనా," అన్నాడు నవ్వుతూ. "నీ పేరు చెబితే చాలు, గుడ్లు కూడా ఏరి మరీ ఇస్తున్నారు."

దీనమ్మ మురిసిపోయింది. పాతికేళ్ళ ఉద్యోగంలో ఆమె మిగుల్చుకున్నది ఆ మాట ఒక్కటే మరి.

మర్నాడు అత్తాకోడళ్ళని భీమవరం తీసుకెళ్ళి స్కానింగ్ చేయించింది. డాక్టరమ్మ దీనమ్మని పక్కకి పిలిచింది.

"మళ్ళీ అదేనమ్మా. వెన్ను మూసుకోలేదు."

"మాత్రలు నా చేత్తో ఇచ్చానండి."

"ఇచ్చావు సరే. మింగిందా? సరిగ్గా వేసుకుంటే చాలామటుకు తప్పిపోయేదే."

తిరుగు బస్సులో దీనమ్మ బుర్రలో 'మింగిందా?' అన్న మాటే తిరిగింది. కన్నకూతుళ్ళలా చూసుకుంటే, నమ్మించి గొంతు కోశారు. ఎవరి పనో ఆమెకి తెలుసు. ఇంటి గుమ్మం దాటగానే సూరమ్మ మీద విరుచుకుపడింది.

"ఎక్కడ పారేశావు మాత్రలు? పెంటలోనా, కాలవలోనా?"

"నేను ముట్టుకోలేదు తల్లీ. నా కొడుకు మీద ఒట్టు."

"నల్లపిల్ల పుడుతుందని ఏడ్చావుగా. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను."

సూరమ్మ నెత్తి బాదుకుని కూలబడింది. మంచం మీద వాలిపోయిన లోవలక్ష్మి తల ఎత్తింది.

"మా అత్తనేమీ అనకండి. నా చేతికి మంచినీళ్ళిచ్చి మింగించింది ఆవిడే."

"అయితే నువ్వే నాటకం ఆడావన్నమాట. నెల నెలా అడిగానే. మీరు చెప్పినట్టే, మీరు చెప్పినట్టే అని చిలకలా పలికావే. నేనేం అన్యాయం చేశానే నీకు? రోజుకొకటి వేసుకోమంటే ఎందుకు వేసుకోలేదు?"

"రోజుకొకటా?"

లోవలక్ష్మి లేచి కూర్చుంది. పొట్ట మీద చెయ్యి అలాగే ఉంచుకుని, కొత్త మనిషిని చూసినట్టు దీనమ్మ మొహంలోకి చూసింది.

"వారానికొకటి చాలు, మిగతావి వెనక్కిచ్చేయమని డేనియల్‌గారితో మీరే కదండీ కబురెట్టారు?"