త్రినాథరావుకు పడని పూలు

"ఈ ఒక్కరోజూ తలనిండా పెట్టుకోయే," అంటూ పైడమ్మ బుధవారీ బజార్లో కొన్న చామంతి దండను మరదలు చిన్నతల్లి జడలో తురిమింది. చిన్నతల్లి చెయ్యి అడ్డు పెట్టబోయి, దించేసింది.

1988 డిసెంబరు. రైల్వే గార్డు త్రినాథరావు పోయి ఆవేళకు పది రోజులు. బిలాస్‌పూర్ క్వార్టర్లో ఆడవాళ్లు అతని భార్యకు చివరిసారిగా పసుపు, కుంకుమ, పూలు పెడుతున్నారు.

"మా తమ్ముడికి పూలు పడక నీ తల బోసిగానే ఉండిపోయింది. దండ కనబడితే చాలు, ఆడికి తుమ్ములే. పెళ్లానికి పూలు దక్కనివ్వలేదని మాయమ్మ పోయేదాకా ఆడినే తిట్టింది."

చిన్నతల్లి కళ్లు ఎర్రబడి నీళ్లు కారాయి. పైడమ్మ ఆమె వీపు నిమిరింది. అంతలో చిన్నతల్లికి వరసగా తుమ్ములు వచ్చాయి. తర్వాత ఛాతీలోంచి పిల్లికూతలు వినబడ్డాయి.

"ఏటే, ఏటయింది?"

"పుప్పొడి వదినా. లోపలికి పోతే నాకు ఊపిరాడదు. పెళ్లయిన కొత్తలోనే డాక్టరు చెప్పాడు."

పైడమ్మ దండ లాగి కిటికీలోంచి పారేసింది.

"పడనిది నీకా? ముందే చెప్పకపోయావేటే?"

"పూలు పెట్టుకోని కోడలంటే అత్తమ్మ ఊరుకోరని, ఆయన తనకే పడవన్నారు. ఆయన మాట నేనెలా కాదంటాను?"

"మరి ఆ తుమ్ములు?"

చిన్నతల్లి ఊపిరి అందేదాకా ఆగింది.

"మీరొచ్చినప్పుడే తుమ్మేవారు వదినా. మీ బండి కదిలాక ప్లాట్‌ఫారం మీద ఇద్దరం నవ్వుకునేవాళ్లం."